వేసవిలో గ్వాడలూపే కొండలు: ఒక్కరే వెళ్లి ఒక రాత్రి ఉండి రావడం ఎలా

మే నెల చివర మెమోరియల్ డే లాంగ్ వీకెండ్ దగ్గర పడుతుంటే డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్‌లలోని మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "ఎక్కడికి వెళ్దాం" మొదలవుతుంది. పదిమంది "చూద్దాం" అంటారు, ముగ్గురు వస్తామంటారు, చివరికి మిగిలేది మీరొక్కరే. ఒక్కరే అయినా సరే బ్యాగు వీపున వేసుకుని కొండ మీద ఒక రాత్రి పడుకుని రావాలని ఉంటే, పడమటి టెక్సస్‌లోని గ్వాడలూపే మౌంటెన్స్ నేషనల్ పార్క్ మంచి చోటు. డాలస్ నుంచి దాదాపు 500 మైళ్లు, ఆగుతూ వెళ్తే ఎనిమిది తొమ్మిది గంటల డ్రైవ్. చుట్టూ చివావన్ ఎడారి, మధ్యలో సున్నపురాయి గోడలా లేచిన కొండలు. టెక్సస్‌లో అన్నిటికన్నా ఎత్తైన గ్వాడలూపే పీక్, 8,751 అడుగులు, ఇక్కడే ఉంది.

ఒక్కరే వెళ్లేవాళ్లు అన్నిటికన్నా ముందు ఆలోచించుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఎండ శ్రుతి మించినప్పుడు బుర్ర సరిగ్గా పని చేయదు, పైగా పని చేయడం లేదని దానికే తెలియదు. పక్కన మనిషి ఉంటే "నీ మాట తేడాగా ఉంది, కాసేపు కూర్చో" అంటాడు. ఒక్కరే ఉంటే ఆ మాట అనేవాళ్లుండరు. కాబట్టి ఎన్ని లీటర్లు మోయాలి, ఎన్నింటికి బయల్దేరాలి, ఎక్కడ నుంచి వెనక్కి తిరగాలి అన్నవన్నీ ఇంట్లో చల్లగా కూర్చుని కాగితం మీద రాసుకోండి. కొండ మీద కొత్తగా ఆలోచించకండి, కాగితంలో ఉన్నట్టు చేయండి. కింద చెప్పేదంతా ఆ కాగితం తయారు చేసుకోవడం గురించే.

ఏ దారి, ఏ రోజులు

ఈ పార్కులో ఒక రాత్రి ట్రిప్పుకి ఎక్కువమంది చూసేది రెండు చోట్లు. ఒకటి గ్వాడలూపే పీక్ దారిలో, శిఖరానికి మైలు దూరంలో ఉన్న క్యాంప్. రెండోది టేహాస్ ట్రెయిల్ ఎక్కాక వచ్చే పైన్ టాప్. పేరున్న శిఖరం కదా అని మొదటిదే అడుగుతారు. వేసవిలో మాత్రం నా ఓటు పైన్ టాప్‌కే. పీక్ క్యాంప్ గాలికి బాగా ఎదురుగా ఉంటుంది. పైన్ టాప్‌లో పైన్ చెట్లున్నాయి. మధ్యాహ్నం ఆరేడు గంటలు ఎక్కడో ఒకచోట ఊరికే కూర్చోవాలి గనక, వేసవిలో ఆ నీడ విలువ శిఖరం కన్నా ఎక్కువ.

పైన్ స్ప్రింగ్స్ దగ్గర కారు పెట్టే చోటు దాదాపు 5,800 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి పైన్ టాప్ నాలుగు మైళ్ల పైచిలుకు, ఎక్కాల్సింది రెండు వేల అడుగుల పైన. దారి మలుపులు మలుపులుగా ఎండకి తెరిచి ఉన్న వాలు మీద పోతుంది. గట్టు ఎక్కేదాకా చెప్పుకోదగ్గ నీడ ఉండదు. గట్టు ఎక్కగానే మాత్రం వేరే ఊరికి వచ్చినట్టుంటుంది. పొండరోసా పైన్, డగ్లస్ ఫర్ చెట్ల అడవి, దాన్ని ఇక్కడ 'ది బౌల్' అంటారు. పైన్ టాప్ నుంచి మైలు దూరంలో హంటర్ పీక్, 8,368 అడుగులు. సాయంత్రం ఖాళీ చేతులతో వెళ్లి రావచ్చు.

మే చివర ఫర్వాలేదు. జూన్ ఇక్కడ బాగా వేడి నెల. కింద 90 ఫారెన్‌హీట్ దాటడం మామూలే, అంటే 32 సెల్సియస్ పైన. పడమటి వైపు ఉప్పునేలల్లో ఇంకా ఎక్కువ. జూలై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నాలు ఉరుములు, పిడుగులు. నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో మ్యాప్ మీద పైన్ స్ప్రింగ్స్ దగ్గర నొక్కి ఆ చోటు ఫోర్‌కాస్ట్ చూడండి, ఊరి పేరు కొట్టి చూడకండి. దగ్గర్లోని కార్ల్స్‌బాడ్ ఊళ్లో టెంపరేచర్ వేరు, ఈ గట్టు టెంపరేచర్ వేరు. శనివారం 95 ఫారెన్‌హీట్ దాటుతుందని ఉంటే, లేదా హీట్ వార్నింగ్ ఉంటే, బ్యాగు మోసే ప్లాన్ మానేసి కింద క్యాంప్‌గ్రౌండ్‌లో పడుకుని తెల్లవారుజామున చిన్న నడక నడిచి రండి. గాలి గురించి కూడా చూడండి. కొండల పక్కనుండే గ్వాడలూపే కనుమ గాలులకి పేరు మోసింది. గంటకి 40 మైళ్లు దాటే గాలి అంటే గట్టు మీద టెంట్‌లో నిద్ర ఉండదు.

కాగితంలో మొదటి లైను ఇదే: "95 దాటితే పైకి లేదు."

పది పన్నెండు రోజుల ముందు

రోజంతా ఆఫీసు ఏసీ, తర్వాత కారు ఏసీ, ఆ తర్వాత ఇంటి ఏసీ. ఈ ఒళ్లుతో నేరుగా ఎండలోకి వెళ్తే తట్టుకోలేం. ఎండకి అలవాటు పడటానికి శరీరానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ లోపల చెమట త్వరగా మొదలవడం, అందులో ఉప్పు తక్కువ పోవడం, గుండె వేగం తగ్గడం జరుగుతాయి. కాబట్టి పది పన్నెండు రోజులు, సాయంత్రం ఐదూ ఆరు మధ్య, బ్యాగులో నాలుగైదు నీళ్ల సీసాలు వేసుకుని గంట నడవండి. డాలస్‌లో కొండల్లేవు, పార్కింగ్ గరాజ్ మెట్లున్నాయి, అవి చాలు.

బీపీకి నీళ్లు బయటికి పంపే రకం మాత్రలు వేసుకునేవాళ్లు, అలర్జీకి బెనడ్రిల్ లాంటివి వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ఎండ ట్రిప్పు పెట్టుకోవద్దు. మొదటివి ఒంట్లో నీళ్లు తగ్గిస్తాయి, రెండోవి చెమటని అడ్డుకుంటాయి. డాలస్ అలర్జీ సీజన్‌లో మనవాళ్లలో సగంమంది ఏదో ఒకటి మింగుతూనే ఉంటారు కాబట్టి చెప్తున్నాను. ముందు వారంలో జ్వరం, విరేచనాలు వచ్చి తగ్గినా వాయిదా వేయండి.

క్యాంప్ సైట్ రిజర్వేషన్ రిక్రియేషన్ డాట్ గవ్‌లో చేసుకోవాలి. లాంగ్ వీకెండ్‌కి త్వరగా అయిపోతాయి. రిజర్వేషన్ ఉంటే సరిపోదు, పర్మిట్ విజిటర్ సెంటర్‌కి వెళ్లి చేతికి తీసుకోవాలి. ఇక్కడే చాలామంది టైమ్ లెక్క తప్పుతుంది. సంగతి శుక్రవారం దగ్గర చెప్తాను.

నీళ్ల లెక్క

పైన నీళ్లు లేవు. కుళాయి లేదు, నమ్మదగ్గ ఊట లేదు. వడకట్టుకునే ఫిల్టర్ తీసుకెళ్లినా వడకట్టడానికి ఏమీ దొరకదు. తాగే ప్రతి చుక్కా కింద నుంచి మోసుకెళ్లాల్సిందే. పార్కు వాళ్లు చెప్పేది మనిషికి రోజుకి ఒక గాలన్, అంటే 3.8 లీటర్లు. శనివారం పొద్దున నుంచి ఆదివారం పొద్దున దాకా నేను పెట్టే లెక్క 8 లీటర్లు. ఒక లీటరు ఒక కిలో. నీళ్లే ఎనిమిది కిలోలు అన్నమాట.

దాన్ని ఇలా విడదీసుకోండి. ఎక్కడానికి రెండున్నర లీటర్లు. పగలంతా నీడలో కూర్చున్నప్పుడు రెండు. సాయంత్రం హంటర్ పీక్, రాత్రి కలిపి ఒకటిన్నర. ఆదివారం దిగడానికి ఒకటి. మిగిలిన ఒక లీటరు ముట్టుకోకూడనిది. దాని మూతకి టేపు చుట్టి బ్యాగు అడుగున పెట్టండి. టేపు చుట్టడం చాదస్తంగా కనిపిస్తుంది గానీ, టేపు విప్పాల్సి వస్తే ఆ విప్పడంలోనే "ప్లాన్ మారింది" అని తెలుస్తుంది.

నీళ్లన్నీ ఒకే బ్లాడర్‌లో, అంటే బ్యాగులో పెట్టుకుని ట్యూబుతో తాగే సంచిలో, పోయకండి. ట్యూబు ఊడిపోయినా, ముల్లు గుచ్చుకున్నా అన్నీ వీపు మీదే కారిపోతాయి. రెండు లీటర్ల బ్లాడర్ ఒకటి, మిగతావి గట్టి ప్లాస్టిక్ లీటరు సీసాలు. సీసాలతో ఇంకో లాభం, ఎన్ని అయిపోయాయో చూడగానే తెలుస్తుంది. బ్లాడర్‌లో ఎంతుందో బ్యాగు విప్పితే తప్ప తెలియదు.

తాగడం కొద్దికొద్దిగా. పావుగంటకీ ఇరవై నిమిషాలకీ ఒకసారి గ్లాసుడు, అంటే ఒక పావు లీటరు, ఎక్కేటప్పుడు సరిపోతుంది. గంటకి ఒకటిన్నర లీటరు మించకూడదు. ఎండ అనగానే గడగడా వట్టి నీళ్లు తాగుతూ పోవడం ఇంకో రకం ప్రమాదం. చెమటలో ఉప్పు పోతుంటే లోపలికి వట్టి నీళ్లే వెళ్తే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతి, అయోమయం వస్తాయి, వడదెబ్బకీ దీనికీ తేడా కనిపెట్టడం కష్టం. కాబట్టి ఎనిమిది లీటర్లలో రెండు మూడు ఓఆర్‌ఎస్ కలిపినవి ఉండాలి. ప్యాకెట్లు లేకపోతే లీటరు నీళ్లకి ఆరు టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూను ఉప్పు, రెండూ తల కొట్టి. నిమ్మకాయ పిండుకుంటే తాగబుద్ధవుతుంది.

బెజవాడలోనో గుంటూరులోనో పెరిగినవాళ్లు "మనకి ఎండ కొత్తా" అనుకుంటారు. అది ఉక్కపోత ఎండ, చెమట కారుతుంటే ఎంత పోతోందో కనిపిస్తుంది. ఇక్కడి గాలి పొడి. చెమట పట్టిన క్షణంలోనే ఆరిపోతుంది. రెండు గంటలు ఎక్కాక కూడా చొక్కా తడిగా ఉండదు. బ్యాగు పట్టీల అంచున, టోపీ చుట్టూ తెల్లటి ఉప్పు గీతలు మాత్రం కనిపిస్తాయి, పెదవులు ఉప్పగా తగులుతాయి. అదంతా మీలోంచి పోయిందే. ఆ గీతలు కనిపిస్తే చెమట పట్టలేదనుకోకుండా ఓఆర్‌ఎస్ సీసా అందుకోండి. ఒంటేలు ముదురు పసుపులోకి మారినా, నాలుగైదు గంటలు రాకపోయినా అదే సూచన.

కారులో ఇంకో రెండు గాలన్లు, కూలర్‌లో ఐస్ మీద కొన్ని సీసాలు ఉంచండి. ఆదివారం దిగాక వాటి అవసరం తెలుస్తుంది.

బ్యాగులో ఏముండాలి

నీళ్లే ఎనిమిది కిలోలు కాబట్టి మిగతావన్నీ ఏడు కిలోల లోపు ఉంచితే మంచిది. ఒక రాత్రికి బట్టలు మార్చుకోనక్కర్లేదు, సాక్సులు ఒక జత చాలు. రాత్రి గట్టు మీద చల్లబడుతుంది, లైట్ జాకెట్ ఒకటి, పల్చటి స్లీపింగ్ బ్యాగ్ ఒకటి కావాలి. టెంట్ తనంతట తాను నిలబడే రకం అయితే మేలు. నేల రాయిలా ఉంటుంది, మేకులు సరిగ్గా దిగవు, తాళ్లు రాళ్లకి కట్టుకోవాల్సి వస్తుంది.

వదులుగా ఉండే లేత రంగు ఫుల్ హ్యాండ్స్ చొక్కా, చుట్టూ అంచున్న టోపీ, కళ్లజోడు, సన్‌స్క్రీన్. నిక్కర్లు వద్దు, ఫుల్ ప్యాంట్ వేసుకోండి. దారి పక్కన లెచుగియా అనే కిత్తనార (అగావే) జాతి మొక్క ఉంటుంది, ఆకులు నిటారుగా, కొసన సూదిలాంటి ముల్లు. సరిగ్గా పిక్క ఎత్తులో ఉంటుంది, అడుగు పక్కకి వేస్తే ప్యాంటు ఉన్నా దిగుతుంది. కాక్టస్ ముక్క అంటుకుంటే వేళ్లతో లాగకండి, వేళ్లకి పట్టుకుంటుంది. పళ్ల దువ్వెనతో ఎగరగొట్టి, మిగిలిన ముళ్లు పట్టకారుతో తీయండి. ఆ రెండూ ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో వేసుకోండి.

అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది మన నూలు తుండుగుడ్డ. కొండలెక్కడానికి నూలు బట్ట పనికిరాదని అందరూ అంటారు, చలికాలంలో అది నిజమే. పొడి ఎండలో లెక్క తిరగబడుతుంది. గుడ్డ కొసని పావు గ్లాసు నీళ్లతో తడిపి మెడ చుట్టూ వేసుకుంటే, అది ఆరేదాకా చల్లదనం ఉంటుంది.

ఇంకా: తలకి పెట్టుకునే లైటు, దానికి వేరే బ్యాటరీలు, ఈల, పవర్ బ్యాంక్, కాగితం మ్యాపు. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకోండి గానీ ఎండకి వేడెక్కి ఫోన్ ఆగిపోవడం ఇక్కడ మామూలే, అందుకే కాగితం. ఫోన్‌ని ఫ్లయిట్ మోడ్‌లో పెట్టి బ్యాగు లోపల ఉంచండి. కొండల్లో సిగ్నల్‌ని నమ్ముకోకూడదు. సిగ్నల్ లేని చోట కూడా మెసేజ్ పంపే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ పరికరం ఉంటే అన్నిటికన్నా మంచిది, అద్దెకి కూడా దొరుకుతాయి. ఐఫోన్ 14, ఆ తర్వాతి వాటిల్లో శాటిలైట్ ఎస్‌ఓఎస్ ఉంది, అంటే ఆపదలో శాటిలైట్ ద్వారా సాయం అడిగే ఏర్పాటు. ఆకాశం బాగా కనిపించే చోట నిలబడి ఫోన్‌ని అది చూపించిన వైపు తిప్పాలి. సెట్టింగ్స్‌లో డెమో ఉంటుంది, ఇంట్లోనే ఒకసారి చేసి చూసుకోండి.

స్టవ్ నేనైతే వదిలేస్తాను. పార్కులో కట్టెల మంటకీ, బొగ్గుకీ ఎక్కడా అనుమతి లేదు, గ్యాస్ స్టవ్ ఒక్కటే దారి. ఒక రాత్రి కోసం అది, గిన్నె, వండటానికి నీళ్లు, కడగటానికి నీళ్లు... టీ లేకపోతే తల పగిలిపోయేవాళ్లు తీసుకెళ్లండి, అది మీ ఇష్టం.

తిండి

ఎండలో ఆకలి చచ్చిపోతుంది, తినకపోతే ఉప్పు అందదు. అందుకే నోటికి హితవైనదే తీసుకెళ్లాలి. కొన్న ఎనర్జీ బార్లు ఎండకి మైనంలా మెత్తబడి కవర్‌కి అంటుకుంటాయి. చింతపండు పులిహోరకి మించింది లేదు, ఉప్పు, పులుపు, నూనె, వేరుశెనగలు అన్నీ అందులోనే ఉన్నాయి. గురువారం రాత్రి కలిపి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, కూలర్‌లో ఐస్ మీద తీసుకెళ్లి, శనివారం బయల్దేరేముందు బ్యాగులో వేసుకోండి. పైకి చేరగానే తినేయండి, సాయంత్రం దాకా ఉంచితే అన్నం పాడవుతుంది. రాత్రికి చపాతీలు, పల్లీ కారం. ఆదివారం పొద్దునకి పల్లీ చిక్కీ, ఖర్జూరాలు. మధ్యలో నోట్లో వేసుకోవడానికి అటుకుల మిక్చర్. పెరుగన్నం సంగతి మాత్రం మర్చిపోండి.

ఎవరికి చెప్పాలి

గుంటూరులో ఉన్న అమ్మకి చెప్పడం మీ ఇంటి వ్యవహారం. మీరు రాకపోతే ఫోన్ చేయాల్సిన మనిషి మాత్రం అమెరికాలో, ఫోన్ దగ్గర పెట్టుకునే మనిషి అయి ఉండాలి. పదిమంది గ్రూపులో పెట్టకండి, వాడు చూసుకుంటాడని వీడు, వీడు చూసుకుంటాడని వాడు ఊరుకుంటారు. ఒక్కరికే పెట్టండి, ఇలా:

"శనివారం పొద్దున 5:15కి పైన్ స్ప్రింగ్స్ నుంచి టేహాస్ ట్రెయిల్ ఎక్కుతున్నా. రాత్రి పైన్ టాప్‌లో, సైట్ నంబరు ఇది. ఆదివారం అదే దారిలో దిగుతా. తెల్ల కారు, నంబరు ఇది. ఆదివారం డాలస్ టైమ్ మధ్యాహ్నం ఒంటిగంటకి నా మెసేజ్ రాకపోతే 911కి చేసి కల్బర్సన్ కౌంటీ, గ్వాడలూపే మౌంటెన్స్ పార్క్ అని చెప్పు. మొహమాటపడకు."

కౌంటీ పేరు ఎందుకంటే, డాలస్ నుంచి 911 కొడితే డాలస్ వాళ్లే ఎత్తుతారు, ఎక్కడికి కలపాలో వాళ్లకి తెలియాలి. మీరు చెప్పిన దారి తర్వాత మార్చకండి. పైన బాగుంది కదా అని బేర్ కాన్యన్ వైపు దిగితే, వెతికేవాళ్లు టేహాస్ వైపు వెతుకుతారు.

శుక్రవారం: పర్మిట్

పార్కు నడిచేది మౌంటెన్ టైమ్ మీద, డాలస్ కన్నా గంట వెనక. వెళ్లేటప్పుడు గంట కలిసొస్తుంది. అయినా విజిటర్ సెంటర్ సాయంత్రం త్వరగా మూసేస్తారు, ఆ రోజు వేళలు పార్కు సైట్‌లో చూసుకోండి. శుక్రవారం పర్మిట్ అందకపోతే శనివారం పొద్దున ఆఫీసు తెరిచేదాకా ఆగాలి, అప్పటికి ఎండ ఎక్కేస్తుంది, ట్రిప్పు మొత్తం పాడు. అందుకే శుక్రవారం సెలవు పెట్టి తెల్లవారుజామునే బయల్దేరండి.

ఐ-20 మీద మిడ్‌ల్యాండ్, ఒడెస్సా దాటి పేకోస్, అక్కడి నుంచి 285 మీద ఓర్లా వైపు. ఆ రోడ్డు నిండా ఆయిల్ లారీలే, ఓవర్‌టేక్‌లకి తొందరపడకండి. ఆ చమురూ, మీరు ఎక్కబోయే కొండా ఒకే కాలానివి. దాదాపు 26 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ పర్మియన్ సముద్రం ఉండేది. దాని అంచున సముద్ర జీవులతో పెరిగిన దిబ్బే, దాన్నే రీఫ్ అంటారు, ఈ సున్నపురాయి గట్టు. పేకోస్‌లోనే ట్యాంకు నింపుకోండి. పార్కులో పెట్రోలూ లేదు, తిండీ లేదు. ఏది కావాలన్నా ఎటు చూసినా 35 మైళ్లకి తక్కువ లేదు.

పర్మిట్ తీసుకునేటప్పుడు రేంజర్‌ని రెండు ప్రశ్నలు అడగండి: ట్రెయిల్ ఎలా ఉంది, ఎమర్జెన్సీ నంబరు ఏది. ఆ నంబరు మీ స్నేహితుడికి కూడా పంపండి. పైన్ స్ప్రింగ్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో రాత్రికి ముందే సైట్ బుక్ చేసుకుని ఉంటే, కుళాయి దగ్గర సీసాలన్నీ నింపుకుని తొమ్మిదింటికల్లా పడుకోవచ్చు.

శనివారం

ఈ రోజుల్లో ఇక్కడ పొద్దు పొడిచేది ఆరింటికి. 4:30కి లేచి, కారు దగ్గరే అర లీటరు తాగి, రెండు ఖర్జూరాలు తిని, 5:15కి లైటు పెట్టుకుని కదలండి. మొదటి గంట దాదాపుగా ఎండ లేకుండా, చల్లగా గడిచిపోతుంది. లెక్కలోకెల్లా విలువైన గంట అదే. ఆ గంట పడుకుంటే దానికి బదులు ఎండలో లీటరు నీళ్లు ఖర్చవుతాయి.

మాట్లాడుతూ నడవగలిగే వేగం దాటకండి. మాట్లాడటానికి ఎవరూ లేరు కాబట్టి పాట పాడుకోండి, పాట తెగితే వేగం తగ్గించండి. డాలస్ నుంచి వచ్చినవాళ్లకి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఊపిరి కాస్త బరువవుతుంది, అది కూడా లెక్కలో వేసుకోండి. బ్యాగు దించి కూర్చునేముందు రాయి వెనక, పొద కింద చూడండి. ఇక్కడ రాటిల్ స్నేక్‌లు ఉన్నాయి. కనిపించని చోట చెయ్యీ కాలూ పెట్టకపోతే వాటితో పేచీ లేదు. ఒకవేళ కాటేస్తే కోయడం, కట్టు బిగించడం, నోటితో పీల్చడం ఏవీ చేయకండి. ఉంగరం, వాచీ తీసేసి, కదలకుండా కూర్చుని ఎస్‌ఓఎస్ నొక్కండి.

కాగితంలో ఇంకో రెండు లైన్లు. "9:30కి గట్టు మీద లేకపోతే వెనక్కి." "పైకి చేరేసరికి నాలుగున్నర లీటర్ల కన్నా తక్కువ ఉంటే ఈ రాత్రి ఇక్కడ పడుకోను, నీడలో ఆగి ఎండ వాలాక దిగుతాను." అంత కష్టపడి ఎక్కి దిగిపోవడం బాధే. అప్పుడు ఆ బాధ గెలవకూడదనే ముందే రాసుకోమన్నది.

మామూలుగా అయితే తొమ్మిదిలోపు చేరిపోతారు. టెంట్ ఇప్పుడే వేయకండి, ఎండలో అది పొయ్యి. చెట్టు నీడన మ్యాట్ పరిచి, బూట్లు విప్పి, పులిహోర తిని పడుకోండి. సాయంత్రం ఐదు దాకా మీ పని నీడతో పాటు జరగడమే. బోర్ కొడుతుంది, కొట్టనివ్వండి. ఏదైనా పుస్తకం తెచ్చుకోండి, పల్చటిది.

ఐదున్నరకి లీటరు నీళ్లు, జాకెట్, లైటు తీసుకుని హంటర్ పీక్‌కి వెళ్లండి. ఎదురుగా గ్వాడలూపే పీక్, కింద మీ కారున్న లోయ కనిపిస్తాయి. ఎక్కడైనా ఉరుము వినిపిస్తే, ఎంత దూరమైనా సరే, వెనక్కి. పొద్దుగూకేది ఎనిమిది దాటాక, చీకటి పడేలోపు క్యాంప్‌లో ఉండండి.

వడదెబ్బ లక్షణాలు, ఒక్కరే ఉన్నప్పుడు

కండరాలు పట్టేయడం, తలనొప్పి, వికారం, లేస్తే కళ్లు తిరగడం, చర్మం చల్లగా చెమటగా ఉండటం మొదటి మెట్టు. అప్పుడే ఆగాలి. నీడలోకి వెళ్లి, కాళ్లు బ్యాగు మీద ఎత్తు పెట్టుకుని పడుకుని, మెడ, చంకలు, చొక్కా తడిపి, టోపీతో విసురుకుంటూ ఓఆర్‌ఎస్ గుక్క గుక్కగా తాగాలి. నీళ్లు తాగడానికే అని ఒంటి మీద పోసుకోకుండా దాచుకోకండి. అరగంటలో తేలికపడితే ఎండ తగ్గాక కిందికి దిగాలి, పైకి మాత్రం వద్దు. తగ్గకపోయినా, వాంతులు మొదలై నీళ్లు నిలవకపోయినా, ఎస్‌ఓఎస్ నొక్కాలి.

రెండో మెట్టు, మాట తడబడటం, అయోమయం, నడక తూలడం, ఒళ్లు కాలిపోవడం. అది అసలైన వడదెబ్బ, ప్రాణాంతకం. అప్పటికి ఎస్‌ఓఎస్ నొక్కే తెలివి మిగులుతుందన్న హామీ లేదు. అందుకని ఎండలో ప్రతి అరగంటకీ ఒక పరీక్ష పెట్టుకోండి: పదమూడో ఎక్కం పైకి చదవండి. చిన్నప్పటి నుంచి వచ్చిన ఎక్కం మధ్యలో తడుముకుంటుంటే ఇంకో అడుగు వేయకుండా నీడ చూసుకుని, శాటిలైట్ పరికరం చేతిలోకి తీసుకుని, తడుపుకోవడం మొదలుపెట్టండి. మళ్లీ చదవండి. రెండోసారీ తప్పితే నొక్కేయండి. పారాసిటమాల్ వేసుకుంటే తగ్గుతుందనుకోకండి, ఇది జ్వరం కాదు, దానికి లొంగదు.

రాత్రి

తినేవీ, పేస్టు, సబ్బు, వాసన వచ్చేవన్నీ గట్టి మూత డబ్బాలో పెట్టి టెంట్‌కి దూరంగా ఉంచండి. ఉడతలు, ఎలుకలు బ్యాగు కొరికేస్తాయి.

బాత్రూమ్ సంగతి గైడ్లు మనకి పనికొచ్చేలా చెప్పవు. దారికీ క్యాంప్‌కీ 200 అడుగుల దూరంలో, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గుంట తవ్వి, పని అయ్యాక పూడ్చాలి. చిన్న ప్లాస్టిక్ పార కావాలి. నీళ్లు లేనిదే కుదరని మనలాంటివాళ్లు దానికి అర లీటరు విడిగా, గుర్తు పెట్టిన సీసాలో తీసుకెళ్లండి, ఎనిమిది లీటర్లలోంచి తీయకండి. టిష్యూ, వైప్స్ వాడితే జిప్ కవర్‌లో వేసి వెంట తెచ్చుకోవాలి, ఈ పొడి నేలలో అవి ఏళ్ల తరబడి కుళ్లవు.

రాత్రి చప్పుళ్లు వినిపిస్తాయి. చాలావరకు గాలే. భయం వేస్తే లైటు వేసి ఒకసారి చుట్టూ చూసి పడుకోండి.

ఆదివారం

ఐదున్నరకి కదిలితే ఎనిమిదిలోపు కారు దగ్గరుంటారు. దిగేటప్పుడు మోకాళ్ల మీద బరువు పడుతుంది, పైగా వదులు రాళ్లు జారతాయి. రెండు నడక కర్రలుంటే ఇక్కడ ఉపయోగం. జారి పడటం ఎక్కువగా చివరి మైలులోనే, కారు కనిపించాకే. టేపు చుట్టిన లీటరు కారు దాకా అలాగే రావాలి.

కారు ఎక్కేముందు మెసేజ్ పంపండి. సిగ్నల్ లేకపోతే విజిటర్ సెంటర్ దగ్గర ప్రయత్నించండి, అక్కడా కాకపోతే శాటిలైట్‌లో పంపండి. దారిలో పంపుదామనుకుంటే మర్చిపోతారు, అవతల మనిషి ఒంటిగంటకి 911 కొడతాడు.

వెంటనే ఎనిమిది గంటలు డ్రైవ్ చేయకండి. సోమవారం సెలవే కదా. ముప్పావు గంట దూరంలో, న్యూమెక్సికో వైపు, కార్ల్స్‌బాడ్ గుహలున్నాయి. మీరు రాత్రి పడుకున్న రీఫ్ గట్టు అటువైపు కూడా సాగుతుంది, దాని కడుపులో ఏర్పడ్డవే ఆ గుహలు. లోపలికి వెళ్లడానికి టైమ్ స్లాట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి కాబట్టి ఇంట్లోనే బుక్ చేసుకుని, ఆదివారం మధ్యాహ్నానికి పెట్టుకోండి. లోపల ఏడాది పొడుగునా 56 ఫారెన్‌హీట్, అంటే 13 సెల్సియస్, జాకెట్ పైనే ఉంచుకోండి.